బొంతయు దిండును - మన యిండ్ల పాతబట్టల చరిత్రము

దేశచరిత్రమును శాసనములు చెప్పును. వంశచరిత్రమును పెద్దలు చెప్పుదురు. ఇంటి చరిత్రమును చెప్పునది యేది? సేత్తూరును గురించి వ్రాయబూనిన వారు సాధారణముగా పాళెగాండ్రతో ఆరంభింతురు. లేదా పడమటి కనుమలతో ఆరంభింతురు. నేను దిండుతో ఆరంభింపదలచితిని. ఇది హాస్యమునకు చెప్పిన మాట కాదు.

దిండనగా అంగడిలో వెల యిచ్చి కొన్న దిండు కాదు. చినిగిన చీరతో, నలిగిన పంచెతో, రంగు వెలసిన దుప్పటితో, రవికలు కుట్టగా మిగిలిన తునుకలతో మన యింటి స్త్రీలు మధ్యాహ్నపు వేళల గడప దగ్గర కూర్చొని కుట్టిన దిండు. అట్టి దిండు లేని తెలుగిల్లు రాజపాళయము పరిసరములందు నిన్న మొన్నటివరకు ఉండెడిది కాదు. దానిని ఎవ్వరును గొప్పగా చెప్పుకొనలేదు. అతిథి వచ్చినపుడు కొత్త గలీబు తొడిగి దానిని దాచిరి కూడ. అయినను ఆ దిండు వెనుక రెండువేల యేండ్లకు పైబడిన ఆచారము కలదు. దానిని కొంచెము విప్పి చూపుటయే ఈ వ్యాసము యొక్క పని.

మొదట మాటలను చూతము. తల క్రింద పెట్టుకొనునది తలగడ. తల క్రిందికైనను, వీపు ఆనించుటకైనను చెల్లునది దిండు. పాతబట్టలను పొరలు పొరలుగా పరచి కుట్టినది బొంత. దిండుకు తొడుగునది గలీబు. ఇందు గలీబు మన మాట కాదు. కప్పు, ఒర అను అర్థము గల అరబ్బీ 'గిలాఫ్' పారసీకము మీదుగా, హిందుస్థానీ మీదుగా మన పడకగదిలోనికి వచ్చినది. బాలీసు కూడ పారసీకపు చుట్టమే. బొంత మాత్రము ఇంటి మాట. కన్నడిగులును దానిని బొంతె యందురు. బ్రౌను దొర 1852లో ప్రకటించిన నిఘంటువున బొంతకు అతుకుల కప్పు అను అర్థమే కనబడును.

సేత్తూరు వీధిలో ఇరుగుపొరుగు వారు తలగడను తలయణై యందురు, వాడుకలో తలకాణి యందురు. వారి 'తిండు' వేరు. అది పెద్దమనుషులు ఆనుకొను లావుపాటి గుండ్రని దిండు. అందుచేత మన పిల్లవాడు పొరుగింటికి పోయి నిద్రమత్తులో 'దిండు' అడిగినచో వారు పెండ్లివారికి వేయు ఆనుదిండును మోసికొని వత్తురు. ఇట్టి చిక్కులను తప్పించుకొనుటకే కాబోలు, మన యిండ్లలో ఈనాటి పిల్లలు లోపలను బయటను తలకాణి యనియే అనుచున్నారు. మాట పోవుట ఇట్లే. ఎవ్వరును దానిని తరిమివేయరు. ఒక చిన్న సౌకర్యము కొరకు అది గడప దిగిపోవును.

సామెతలలో బొంతకు గౌరవము తక్కువ. గంతకు తగ్గ బొంత యని మనవారు ఈసడింపుగా అందురు. పొందిక లేని వ్రాతను గాని, నాలుగు పక్షములు కలిసిన ప్రభుత్వమును గాని అతుకుల బొంత యని పత్రికలవారు వెక్కిరింతురు. బొంత కుట్టినవారు ఆ పత్రికలు నడపియుండినచో ఆ మాటను మెప్పుగా వాడియుండెడివారని నాకు తోచును. అతుకు వేయుట యనగా చినుగును అంగీకరించుట, అంగీకరించి బాగుచేయుట. అందులో అగౌరవమేమున్నది?

ఈ పనికి ప్రాచీన సాక్ష్యము కావలెననిన బౌద్ధుల వినయపిటకమును తెరువవలెను. చుల్లవగ్గమున ఒక కథ యున్నది. కౌశాంబిలో ఉదయన మహారాజు అంతఃపుర స్త్రీలు ఆనందునకు అయిదువందల చీవరములు దానము చేసిరి. ఇన్ని వస్త్రములు ఒక భిక్షువునకు ఏల, వర్తకము పెట్టునా యని రాజునకు కోపము వచ్చినది. ఆయన ఆనందుని వరుసగా ప్రశ్నించెను. చీవరములు చినిగిన భిక్షువులకు వీనిని పంచుదుమని ఆనందుడు చెప్పెను. మరి వారి పాత చీవరములేమగును? పడక మీది పైకప్పులగును. పాత పైకప్పులేమగును? పరుపు గలీబులగును. పాత గలీబులు? నేల మీద పరచునవి. అవియు పాతవైనచో? కాలు తుడుచుకొను గుడ్డలు. అటు పిమ్మట? దుమ్ము దులుపు గుడ్డలు. చివరకు? వానిని తునుకలు చేసి, మట్టిలో కలిపి పిసికి నేలకు పూయుదుమని ఆనందుడు బదులు చెప్పెను. రాజు సంతోషించి మరి అయిదువందల వస్త్రములిచ్చెను.

ఈ కథను మా మేనత్తకు చదివి వినిపించినచో, ఇందులో ఇంత వింత యేమున్నదని అడిగియుండును. చీర బొంత యగుట, బొంత దిండు సంచి యగుట, సంచి మసిగుడ్డ యగుట ఆమెకు నిత్యకృత్యము. ఆనందుని కడపటి మెట్టునకు బదులు మన యిండ్లలో మసిగుడ్డ యున్నదనుట తప్ప వేరు భేదము లేదు.

ఆ వినయ గ్రంథముననే దిండ్ల ప్రస్తావన వేరుగా నున్నది. సగము దేహమంత పొడవైన దిండ్లు భిక్షువులకు నిషిద్ధములు. దిండు తల ప్రమాణమునకే యుండవలెను. చెట్టు దూది, తీగె దూది, గడ్డి దూది యని మూడు విధముల దూదిని దిండులో నింపుటకు అనుమతి కలదు. పరుపులో నింపదగినవానిలో ఉన్ని, నార, గడ్డి, ఆకు అనువానితో పాటు గుడ్డపీలికలును చెప్పబడినవి. అనగా పీలికలు నింపిన పరుపు పేదరికపు ఉపాయము మాత్రమే కాదు. శాస్త్రము ఎత్తి చెప్పిన వస్తువు. కృష్ణాతీరమున అమరావతి, నాగార్జునకొండలు వెలసిన దినములలో ఈ నియమములు తెలుగునేలకు దూరపు మాటలు కావు.

రాజుల దిండ్లు వేరు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్ కృష్ణదేవరాయల నగరులోని ఒక శయ్యను వర్ణించినాడు. నల్లని పట్టు పరుపు, దాని చుట్టును జేనెడు వెడల్పున ముత్యాల అల్లిక, దానిపై రెండు దిండ్లు. అంతకు మించి ఏ కప్పును లేదట. ఆ దిండ్లలో ఏమి నింపిరో ఆయన వ్రాయలేదు. యాత్రికులు పైగుడ్డను మాత్రమే చూతురు.

ఇంకొక శతాబ్ది గడచునప్పటికి మచిలీపట్టణపు అద్దకపు దుప్పట్లు, మెత్తని కప్పులు ఓడలకెక్కి ఐరోపా పడకగదులలో పరచుకొనినవి. ఆంగ్లేయులు వానికి పెట్టిన 'పాలంపోర్' అను పేరు పలంగ్‌పోష్, అనగా మంచపు కప్పు అను మాట నుండి వచ్చినదే. అక్కడి నేతగాండ్రు గోల పెట్టగా 1721లో ఆంగ్ల పార్లమెంటు అద్దకపు నూలుబట్ట వాడుకను నిషేధించు శాసనము చేసినది. కట్టుబట్టలకే కాదు, మంచమునకు, కుర్చీకి, దిండుకు, కిటికీ తెరకు కూడ ఆ బట్ట పనికిరాదని ఆ శాసనము పేరుపేరున చెప్పినది. ఒక దిండు గలీబును చూచి ఒక సామ్రాజ్యము బెదరినదనిన అతిశయోక్తి యగునేమో గాని, మాట పూర్తిగా అబద్ధము కాదు.

మన పూర్వులు ఈ దక్షిణ దేశమునకు వచ్చినది విజయనగర, మధుర నాయకుల కాలములలో. 16వ శతాబ్దిలో విశ్వనాథ నాయకుడు మధురలో కుదురుకొనిన పిమ్మట దేశము 72 పాళెములుగా ఏర్పడినదని చెప్పుదురు. తిరునెల్వేలి సీమలో తూర్పు పాళెములు చాలవరకు తెలుగు నాయకులవి. పడమటి పాళెములు మరవ దొరలవి. సేత్తూరు ఈ పడమటి పాళెములలోనిది. కావున ఇక్కడి తెలుగువారు ఏలినవారుగా గాక, ఇరుగుపొరుగుగా స్థిరపడినవారు. సమీపమున రాజపాళయమున క్షత్రియ రాజులు పళయపాళయము, పుదుపాళయము అను రెండు పేటలుగా నిలదొక్కుకొనిరి. సేత్తూరు పాళెము జమీ యైనది. ఆ జమీలు 1948 శాసనముతో రద్దయినవి. 1910 నుండి రామనాథపురము జిల్లాలో నున్న ఈ ప్రాంతము 1985లో విరుదునగరము జిల్లాలో చేరినది. ఊరి పేరు పైని యేలుబడులు ఇన్ని మారినను, ఇంటిలోని సూది పని మారలేదు.

ఇంత దూరము బండ్ల మీద వచ్చినవారు ఏమి తెచ్చియుందురు? ఇలవేలుపును, ఇత్తడిని, విత్తనములను తెచ్చిరని కథలు చెప్పుదురు. బొంతను గురించి ఎవ్వరును చెప్పరు. కాని బండిలో బిడ్డను పడుకోబెట్టుటకు, ఇత్తడి బిందె సొట్టపడకుండ చుట్టుటకు, ఎద్దు మెడ ఒరసికొనకుండ వేయుటకు పాతబట్ట కంటె పనికివచ్చునది ఏది? ఇది నా యూహ. కాని బండి ప్రయాణము చేసినవారెవ్వరును దీనిని కాదనరు.

రాజపాళయమునకు కూతవేటు దూరమున శ్రీవిల్లిపుత్తూరు ఉన్నది. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదకు కథాస్థలమదియే. ఆ పేరునకు అర్థము, తాను ధరించి విడిచిన మాలను సమర్పించినది యని. ఒకరు ధరించినది మరియొకరికి ఎంగిలి యని లోకము అనుకొనునపుడు, ధరించినదే తనకు ప్రియమని స్వామి యన్నాడు. మన తల్లులు గోదాదేవి కథ వినుచు పాతచీర కుట్టునపుడు ఈ పోలిక వారికి తోచియుండునో లేదో చెప్పజాలను. నాకు మాత్రము ఆ గోపురము కనబడినపుడెల్ల తోచుచుండును.

ఇక పని యొక్క తీరు. దీనిని కొంచెము నిదానముగా చెప్పెదను. ఏలయనగా ఇది వ్రాతలోనికి ఎక్కని విద్య.

చీర అంతటను ఒక్కరీతిగా అరుగదు. కూర్చొనుచోట ముందు పలుచనగును. మడమ తగులు క్రింది అంచు దగ్గర తరువాత చినుగును. నడుమున దోపుకొను లోపలి కొన మాత్రము చాలకాలము గట్టిగా నుండును. అంచులో పడుగు పోగులు దట్టముగా నుండుటచే అది ఒడలి కంటె రెండింతలు బ్రతుకును. ఈ భేదము తెలిసిన స్త్రీ చినిగిన చీరను వెంటనే బొంతలో వేయదు. మొదట నడుమ చించి, గట్టి కొనలు రెండును కలిసి నడుమకు వచ్చునట్లు కుట్టి, మరి కొన్ని నెలలు కట్టును. అదియు తీరినపుడు మంచి భాగము ఆడపిల్లకు పావడ యగును. మెత్తని భాగము ఉయ్యాల యగును, పొత్తిగుడ్డ లగును. అప్పుడే పుట్టిన బిడ్డకు కొత్తగుడ్డ చుట్టరు. నూరుమార్లు ఉతికి గంజి యంతయు పోయిన పాతగుడ్డయే చుట్టుదురు. పొత్తిళ్ళలో బిడ్డ అని మనము అనునపుడు ఆ పొత్తిళ్ళు అమ్మమ్మ చీరవో నాయనమ్మ చీరవో యగును. మనలో ప్రతివాడును లోకములో మొట్టమొదట కప్పుకొనినది పాతబట్టనే.

ఇన్ని పనులు తీరిన పిమ్మట మిగిలినది బొంతకును దిండుకును వచ్చును. బొంతకు అడుగునను పైనను చీర. నడుమ పంచెలు, తువ్వాళ్ళు, ఏ రంగైనను సరియే. నాలుగు అంచులు మొదట కుట్టి, అంచు నుండి నడుమకు చుట్టలు చుట్టలుగా దూరపు కుట్లు వేసికొనుచు పోవుదురు. కొందరు దారమును కూడ కొనక, పాత అంచు నుండి పోగులు లాగి పేనుకొనెడివారు.

దిండుకు రెండు గుడ్డలు కావలెను: లోపలి సంచి, పై గలీబు. లోపలి సంచికి నేత దట్టముగా నుండవలెను. అందుకు పంచె మేలు. అది పలుచనైనచో రెండు పొరలు వేయవలెను. మూడు ప్రక్కల వెనుకకు మరలించు కుట్టు వేసి, నాలుగవ ప్రక్క జానెడు మేర విడిచి, సంచిని లోపలి వైపు బయటికి తిరగవేయుదురు. దూదిని ముందు మూలలలో కూరవలెను. నడుమ ముందు నింపినచో మూలలు చచ్చిన చెవులవలె వ్రేలాడును. కావలసినదాని కంటె కొంత యెక్కువయే కూరవలెను, ఏలయనగా నెల దినములలో అది అణగును. ఆనుదిండు కుట్టుటకు లెక్క వేరు. రెండు కొనలకు గుండ్రని బిళ్ళలు కావలెను. బిళ్ళ అడ్డము జానెడైనచో చుట్టు గుడ్డ మూడు జానలును, మీద రెండు వ్రేళ్ళును ఉండవలెనని స్త్రీలు చెప్పుదురు. వృత్తమునకును వ్యాసమునకును గల సంబంధమును ఏ బడిలోను నేర్వకయే వారు కత్తెరకు నేర్పిరి.

నింపుట కొరకు ఈ సీమలో రెండు దూదులు. ఒకటి నల్లరేగడి ప్రత్తి. సేత్తూరునకు తూర్పున కరిసల్ భూములు ఆరంభమగును. ఆ తిరునెల్వేలి ప్రత్తి తూత్తుకుడి రేవు మీదుగా విదేశములకు పోయెడిది. రెండవది బూరుగు దూది. అడవి బూరుగు, తెల్లబూరుగు రెండును కనుమల పాదములందు పెరుగును. బూరుగు పోగు లోపల బోలుగా నుండి, పైన మైనము పూసినట్లు నునుపుగా నుండును. అందుచే అది వడకుటకు లొంగదు. చెమటను గాని నీటిని గాని త్వరగా పీల్చదు. ఓడవారు ప్రాణరక్షక కవచములలో ఈ దూదినే వాడిన కాలమొకటి యుండెను. రాట్నమునకు పనికిరాని దూది తల క్రిందికి వచ్చినదన్న మాట. ఎండలో పెట్టిన చాలు, అది పొంగి మరల తేలికయగును. ప్రత్తి అట్లు కాదు. రెండు మూడేండ్లలో గడ్డలు కట్టును, మరల ఏకవలెను. కాని బూరుగు దూదికి ఒక దోషము కలదు. సంచి గుడ్డ పలుచనైనచో సందుల నుండి బయటికి వచ్చి యిల్లంతయు ఎగురును. గింజలు ఏరకున్నచో ఎలుకలను పిలుచును.

ఏకుట యనగానే ఆంధ్రదేశమున దూదేకుల వారు గుర్తుకు వత్తురు. నరము బిగించిన పెద్ద విల్లును దూదిలో నుంచి, కొయ్యతో తట్టుచు దూదిని పొరలు విప్పుట వారి వృత్తి. వారు తెలుగు మాటలాడు మహమ్మదీయులు. పోతులూరి వీరబ్రహ్మముగారి ప్రియశిష్యుడు సిద్దయ్య ఆ కులమువాడే. ఆ వింటి మ్రోత వినిన తరమువారు ఇంకను కొందరు మనలో ఉన్నారు.

దూది కొనలేని యిండ్లలో పీలికలే దిండు. దానికి ఓపిక కావలెను. గుడ్డను వ్రేలి వెడల్పున సన్నముగా చించవలెను. పెద్ద తునుకలు వేసినచో రాతిమీద పడుకొనినట్లుండును. పీలికల దిండు బరువు. కాని దానిని విప్పి, లోపలి సరకును ఉతికి, ఎండబెట్టి మరల నింపవచ్చును. దూది దిండునకు ఈ సుగుణము లేదు.

ఇరువదవ శతాబ్దిలో ఈ పనికి గల అర్థము మారినది. 1885లో పాపనాశము జలపాతము దగ్గర హార్వీ కంపెనీవారు నూలుమిల్లు పెట్టిరి. 1936లో రాజపాళయముననే పి. ఎ. సి. రామసామి రాజాగారు రాజపాళయము మిల్లును స్థాపించిరి. ప్రత్తి పండినచోటనే నూలు వచ్చినది. సత్రపట్టి మగ్గములు నేడు గాయములకు కట్టు పలుచని బట్టకు ప్రసిద్ధములు. ఇంత నూలు మధ్యన నున్నవారికి పాతబట్ట అవసరమేమి యని అడుగవచ్చును. నూలు పండుట వేరు, కట్టుబట్ట దొరకుట వేరు. రెండవ ప్రపంచయుద్ధమున ఆ సంగతి అందరికిని తెలిసివచ్చినది.

యుద్ధమునకు గుడ్డ కావలసివచ్చి, ధరలు ఆకాశమునంటగా, 1943 జూను నెలలో ప్రభుత్వము నూలు, వస్త్రముల నియంత్రణోత్తర్వును తెచ్చినది. బట్టకు వరుసలో నిలువవలసిన దినములవి. అదే 1943లో ఇంగ్లండులో ప్రభుత్వమే ఒక చిన్న పుస్తకమును అచ్చు వేసి, ఉన్న బట్టలతోనే సరిపుచ్చుకొనుడు, చినిగినవానిని బాగుచేసికొనుడు అని గృహిణులకు బోధించినది. పాత దుప్పటిని నడుమ చించి అంచులను కలిపి కుట్టుకొనుట వంటి ఉపాయములు అచ్చటను గొప్ప విద్యలుగా చెలామణి యైనవి. మన స్త్రీలకు ఆ పుస్తకము అక్కరలేకపోయినది. వారికి అక్షరములు రాకపోయినను అందులోని సంగతులు వచ్చును.

యుద్ధము ముగిసిన పిమ్మట మద్రాసు రాష్ట్ర ప్రధానిగా నున్న టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1946లో కొత్త మిల్లులు వలదు, ఖద్దరు చాలు అను విధానము పట్టి గొప్ప వివాదమునకు గురియైరి. తరువాత మూడేండ్లకు, 1949లో, రాజపాళయపు తెలుగుబిడ్డ పూసపాటి కుమారస్వామి రాజాగారు అదే పీఠమెక్కి 1952 వరకు ఉండిరి. ఆయనయు గాంధీ మార్గమువాడే. తన యింటినే గాంధీ కళామందిరమునకు ఇచ్చివేసిన ఉదారుడు. మిల్లు పెట్టిన తెలుగువాని పేరును, మిల్లులు వలదనిన తెలుగువాని పేరును చరిత్రములో నిలిచినవి. ఆ మిల్లుల బట్టను, ఆ ఖద్దరును చివరి పోగు వరకు వాడి, చించి, కుట్టి, మరల చించి మరల కుట్టిన స్త్రీలలో ఒక్కరి పేరును నిలువలేదు. దీనిని నేను ఫిర్యాదుగానే చెప్పుచున్నాను.

ఇదే పని బంగాళములో చేసిన స్త్రీలకు కొంత న్యాయము జరిగినది. వారి కాంథా కూడ పాతచీరల పొరలే. మీద ఏనుగులు, పద్మములు, పల్లకీలు కుట్టుట అదనము. గురుసదయ దత్తు వానిని సేకరించెను. స్టెల్లా క్రామ్రిష్ 1939లో వానిని గూర్చి వ్యాసము వ్రాసినది. నేడు అవి అద్దాల పెట్టెలలో నున్నవి. మన బొంతపై ఏనుగులు లేవు. అది వాడుటకు కుట్టినది, చూపుటకు కాదు. కావున అరిగినంత మేర అరిగి మసిగుడ్డయై పోయినది. చక్కగా వాడబడిన వస్తువు మిగులదు. ఎవరింటి బొంత ఎక్కువగా పనికివచ్చినదో ఆ యింటి చరిత్రయే మొదట చెరిగిపోవును.

కుట్టుయంత్రము వచ్చినది. సింగరు, తరువాత కలకత్తాలో తయారైన ఉషా, పెండ్లి సామానుల జాబితాలో చేరినవి. యంత్రముపై దిండు సంచి గడియలో ముగియును. బొంత మాత్రము సూది మందమునకు లొంగలేదు. అందుచే దిండు నిలిచినది, బొంత వెనుకబడినది. అటు పిమ్మట నైలాను, పాలియెస్టరు చీరలు వచ్చినవి. అవి చినుగవు, అదే వాని దోషము. చెమటను పీల్చవు, చెంపకు జారును, వేడిని పట్టును. అటువంటి చీర గలీబునకు చూడముచ్చటగా నుండును గాని వేసవి రాత్రి దానిపై నిద్ర పట్టదు. తెలిసినవారు దానిని ఆనుదిండ్లకే వాడుదురు. రబ్బరువలె సాగు నురుగు దిండ్లు వచ్చిన తరువాత కుట్టుపని యే లేకపోయినది.

అయినను పని పూర్తిగా ఆగలేదు. సేత్తూరు చుట్టుపట్ల ముకవూరు, తళవాయిపురములు నేడు నైటీల కుట్టుపనికి పేరుపొందినవి. కత్తిరించుచోట పీలికలు మిగులుట సహజము. ఆ రంగురంగుల పీలికలు దిండులోనికి చేరుట చూచినపుడు, పాత విద్య కొత్త ముడిసరకును వెదకికొనినదనిపించును. భేదమొకటే: ఈ పీలికలు ఎవరును కట్టినవి కావు.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు మా యింటి అటక మీది పాతదిండు నొకదానిని దింపి, కుట్లు విప్పి చూచితిని. పైన పువ్వుల పాలియెస్టరు గలీబు. అది మా తల్లిగారి చీర, నాకు గుర్తున్నది. దాని క్రింద వెలసిన గళ్ళ నూలుగుడ్డ, మిల్లు ముద్ర మసకగా నున్నది. అది మా తండ్రిగారి పాత లుంగీ యని మేనత్త గుర్తుపట్టినది. చినిగిన సంచిని తీసివేయక, దాని మీదనే కొత్త సంచి కుట్టుట మన యిండ్ల అలవాటు గదా. మూడవ పొర ముతక నేత, ఎఱ్ఱని అంచు; ఆ అంచు ఇంకను గట్టిగా నున్నది. దానిని మేనత్త చేతిలోనికి తీసికొని, వెలుతురునకు పట్టి, అటునిటు త్రిప్పి చాలసేపు చూచినది.

"ఇది ఎవరి చీర, అత్తా?" యని అడిగితిని.

"మా అవ్వదై యుండవలె. లేక ఆమె అత్తగారిదో. చెప్పగలిగినవారు ఇప్పుడెవరున్నారు?" అన్నది.

లోపలి ప్రత్తి నల్లబడి గడ్డలు కట్టియుండెను. దానిని తీసివేసి, బూరుగు దూది నింపి, ఎఱ్ఱంచు గుడ్డను మాత్రము బయటికి తెచ్చి మేనత్త మరల కుట్టినది. కుట్టునపుడు ప్రక్కన కూర్చొని, ఆమెకు తెలిసినంతవరకు ఏ పొర ఎవరిదో ఒక కాగితము మీద తెలుగులో వ్రాసితిని. ఆ కాగితమును మడిచి, మూల కుట్టు వేయుటకు ముందు ఆమె దిండులోనే పెట్టినది.